చెరసాలనుండి సుప్రీంకోర్టుకు

భారత రాజ్యాంగం అమలులోకి వచ్చి నాలుగు నెలలు నిండకముందే, 1950 మే 19న, దానిని గీటురాయిపై గీసి చూచిన తీర్పొకటి సుప్రీంకోర్టు వెలువరించినది. ఆ పరీక్షకు పూనుకొన్నవాడు న్యాయకోవిదుడు కాడు. మదరాసు రాష్ట్రపు చెరలో ఉన్న ఒకనాటి బడిపంతులు, ఏ.కె. గోపాలన్.

1904లో ఉత్తర మలబారులో జన్మించిన గోపాలన్ కొన్నేండ్లు ఉపాధ్యాయులుగా ఉండి, 1930లో ఉప్పు సత్యాగ్రహంలో చేరి జైలుకేగినారు. గురువాయూరు ఆలయప్రవేశ సత్యాగ్రహంలో స్వచ్ఛంద సేవకులకు నాయకులై దెబ్బలు తిన్నారు. పిమ్మట కమ్యూనిస్టులైనారు. 1941లో వెల్లూరు జైలునుండి తప్పించుకొన్న ఉదంతం కథగా చెప్పుకొనదగినదే. కాని తొమ్మిదేండ్ల తరువాత వారు తొక్కిన దారి అంతకంటె సాహసమైనదని నా అభిప్రాయం. అది అర్జీ దారి.

1947 ఆగస్టు 15 నాడు వారు చెరలోనే ఉన్నారు. కొంతకాలం విడిచిపెట్టి, డిసెంబరులో మరల నిర్బంధించినారు. పడిన శిక్షలు కోర్టులలో కొట్టుబడిపోయినవి. అయినా తలుపు తెరుచుకొనలేదు. ఒక ఉత్తర్వు వీగిపోతే మరొకటి సిద్ధం. 1950 ఫిబ్రవరిలో నివారక నిర్బంధ శాసనం వచ్చినది. మార్చి 1న దానిక్రింద కొత్త ఉత్తర్వు జైలులోనే చేతికిచ్చినారు. ఆ ఫిబ్రవరిలోనే సేలం జైలు కాల్పులలో 22 మంది ఖైదీలు హతులైనారు. అట్టి రోజులలో వ్రాసిన అర్జీ అది.

గోపాలన్ పక్షాన ఎం.కె. నంబియార్ వాదించినారు. విచారణలేని నిర్బంధం రాజ్యాంగమిచ్చిన స్వేచ్ఛకు విరుద్ధమన్న వాదాన్ని ఆరుగురు న్యాయమూర్తులలో నలుగురు అంగీకరించలేదు. ఫజల్ అలీ, మహాజన్ గార్లు విభేదించినారు. గోపాలన్ ఓడిపోయినారని అందరూ చెప్పుకొన్నారు. అది సగమే నిజం. తన నిర్బంధానికి చూపిన కారణాలను ఖైదీ కోర్టుకైనా చెప్పరాదని శాసించిన 14వ సెక్షను చెల్లదని ఆరుగురూ ఏకగ్రీవంగా తేల్చినారు. నోరు కట్టివేసిన ఖైదీకి కోర్టు ఉండి ప్రయోజనమేమి?

1951లో విడుదలై, మరుసటి ఏడు లోక్‌సభకు ఎన్నికైనారు. 1971 వరకు వరుసగా అయిదుమార్లు గెలిచినారు.

వారు తొక్కిన బాటలో ఇతరులూ నడిచినారు. 1974లో విశాఖపట్టణం కేంద్రకారాగారంలోని నక్సలైటు ఖైదీలు గోడలపై బిగించిన విద్యుత్తు తీగెల విషయమై సుప్రీంకోర్టు కెక్కినారు. కోరిన ఉత్తర్వు దొరకలేదు. అయితే ఖైదు పడినంతమాత్రాన ప్రాథమిక హక్కులన్నీ పోవని న్యాయస్థానం ఒప్పుకొన్నది. ప్రాణస్వేచ్ఛలను హరించే పద్ధతి న్యాయంగా, సమంజసంగా ఉండవలెనని మేనకాగాంధీ వ్యాజ్యంలో తీర్పు చెప్పి, 1950 నాటి వాదాన్ని సుప్రీంకోర్టే విడనాడినది. అది 1978 జనవరి 25. గోపాలన్ అంతకు పది నెలల మునుపే, 1977 మార్చి 22న, కన్నుమూసినారు.