హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు

హరికథ జరుగు రాత్రి గ్రామమునందలి పందిటిని పరికించినచో ఒక విశేషము కనబడును. ముందువరుసలో చాపలపై బడిపిల్లలు కూర్చుందురు. వారి వెనుక పసిపాపలను ఒడిలో నిడుకొన్న తల్లులు, పొలమునుండి తిరిగివచ్చి కాళ్లు కడుగుకొని వచ్చిన రైతులు ఉందురు. ప్రక్కయింటి అరుగుమీద చేతికఱ్ఱ ప్రక్కన బెట్టుకొని వృద్ధులు చేరుదురు. ఒక స్తంభమున కానుకొని, వ్రేళ్లతో తాళము లెక్కించుకొను సంగీతజ్ఞు డొకడుండును. అక్షరము నేర్వనివాడును, శాస్త్రము చదివినవాడును ఆ రాత్రి ఒకే కథ విందురు. పిల్లలకొక కార్యక్రమము, పెద్దలకొక కార్యక్రమము, పండితులకు వేరొకటి యను విభజన ఆ పందిటిలో లేదు. తెలుగుదేశమున ఈ పందిటికి ఇంతటి వైభవము సమకూర్చిన మహనీయుడు శ్రీమదజ్జాడ ఆదిభట్ల నారాయణదాసుగారు.

దాసుగారు 1864వ సంవత్సరము ఆగస్టు 31వ తేదీన అజ్జాడ యను గ్రామమున జన్మించిరి. ఆ గ్రామము నాడు విశాఖపట్టణ మండలములోనిది. నేడు పార్వతీపురం మన్యం జిల్లాలో బలిజిపేటకు చేరియున్నది. తండ్రి వేంకటచయనులుగారు, తల్లి లక్ష్మీనరసమ్మగారు. తలిదండ్రులు పెట్టిన పేరు సూర్యనారాయణ. హరిదాసుడైన పిమ్మట లోక మిచ్చిన పేరే నారాయణదాసు.

వారి బాల్యమును గూర్చి తెలుగువారు తరతరములుగ చెప్పుకొను కథ యొకటి కలదు. ఐదేండ్ల బాలుడు తల్లి వెంట దేవాలయమునకు పోవుచు, త్రోవలో పుస్తకముల దుకాణము చూచి, భాగవతము కావలెనని మారాము చేసెనట. ఇంత పసివానికి భాగవత మెందులకని దుకాణదారు నవ్వగా, బాలుడు అక్కడనే నిలిచి పోతనగారి పద్యములను వరుసగా చదివెనట. దుకాణదారు ఆశ్చర్యపడి, వెల పుచ్చుకొనక గ్రంథమును చేతిలో పెట్టి, పైగా డబ్బులిచ్చి పంపెనని చెప్పుదురు. ఆ పద్యములు బాలుని నోటికి పుస్తకమునుండి వచ్చినవి కావు. ఇంటిలో పెద్దలు చదువుచుండగా చెవిని బడి నిలిచినవి. విన్నదే విద్యయై, ఆ విద్యయే పుస్తకమును సంపాదించి పెట్టినది. వినుటచేత విద్య కలుగునన్న ఈ సత్యమే తరువాత వారి జీవితవృత్తి కెల్ల మూలమయ్యెను.

బొబ్బిలి సంస్థాన విద్వాంసుడగు వాసా సాంబయ్యగారియొద్ద బాలుడు సంగీతమును, వీణను అభ్యసించెను. పిమ్మట విజయనగరము చేరి ఆంగ్లవిద్య చదువసాగెను. ఆ కాలమున ఆంగ్లము వచ్చినవానికి కచ్చేరీలలో కొలువు సులభముగ దొరకెడిది. కుటుంబములన్నియు పిల్లలను ఆ త్రోవనే నడపుచుండెడివి. సూర్యనారాయణ జీవితమును మరలించినది 1883వ సంవత్సరము. మద్రాసునుండి వచ్చిన కుప్పుస్వామినాయుడుగారు విజయనగరమున హరికథ చెప్పిరి. పందొమ్మిదేండ్ల యువకుడది వినెను. మహారాష్ట్రుల కీర్తనపద్ధతి తంజావూరు చేరి, అక్కడి సంగీతముతో కలిసి, కథాకాలక్షేపమను రూపమున దక్షిణదేశ మంతట వ్యాపించుచున్న రోజులవి. ఒకేయొక మనుష్యుడు నిలుచుండి కథ చెప్పుచు, పాడుచు, ఆడుచు సభనంతను తనవెంట నడపగల యీ కళ ఆ యువకుని హృదయమును పట్టుకొనెను. తన సంగీతము, కవిత్వము, కంఠము, దేహబలము అన్నియు ఒక్కచోట వినియోగపడు మార్గము అతనికి కనబడెను. ఆ సంవత్సరమే ధ్రువచరిత్రమును స్వయముగ రచించి, కాలికి గజ్జెకట్టి, చేత చిడతలు పట్టి కథ చెప్పెను. ఉద్యోగవిద్యకై వచ్చినవాడు హరిదాసుడయ్యెను.

దాసుగారు తాము విన్న పద్ధతిని విన్నట్లు అనుకరించినవారు కారు. తెలుగువారికి చిరకాలముగ పరిచితమైన యక్షగానమునుండి దరువులను, ద్విపదలను, మంజరులను తీసికొని, వానికి శుద్ధమైన రాగతాళములు కూర్చి, నడుమ పద్యమును వచనమును పొదిగి హరికథకు తెలుగురూపము తీర్చిరి. కథ కట్టినవారు, పాట కట్టినవారు, వరుస కూర్చినవారు, అభినయించినవారు వారే. రెండు చేతులు, రెండు కాళ్లు, శిరస్సు, ఈ యైదింటితో ఐదు తాళములను ఏకకాలమున నడపు పంచముఖి విద్య వారికి సాధ్యమయ్యెను. సాహిత్యములోనే గాక సంగీతములోను అవధానములు చేసిరి. మైసూరు మహారాజు ఆస్థానమున సన్మానము పొందిరి. అట్టి విద్వాంసుడు రాజసభలలోనే యుండిపోవుట కష్టము కాదు. కాని వారు గజ్జెవిప్పక పందిళ్లలోనే నిలిచిరి. వారి గొప్పతనమును ఇక్కడ వెదకవలెను.

హరికథ అన్ని వయస్సులవారికి అందుట యాదృచ్ఛికము కాదు. ఆ కళానిర్మాణమునందే ఆ యుపాయ మున్నది. కథ వచనములో నడచును; పిల్లవాడు దానిని పట్టుకొని పోవును. పట్టు సడలి నిద్ర ముంచుకొనివచ్చువేళ పిట్టకథ వచ్చును, పందిరి గొల్లుమనును. దరువు వచ్చినప్పుడు గజ్జెల ఘల్లుమనుటతో పడుచువారి కాళ్లు లయ వేయును. కీర్తన సాగునప్పుడు స్త్రీలు పల్లవి నేర్చుకొని మరునాడు రోకటియొద్ద పాడుకొందురు. పద్యమునకు రాగము తీసినప్పుడు సంగీతజ్ఞుడు తల యూచును. తత్త్వము చెప్పునప్పుడు వృద్ధుడు కన్నులు మూసికొని వినును. ఒకరి భాగము జరుగుచుండగా మరియొకరు లేచిపోరు. తమ భాగము వచ్చునని వారికి తెలియును. అట్లు నిరీక్షించుచునే తెలియనిదానిని కొంతకొంతగ తెలిసికొందురు. ఈ యేడు పిట్టకథకు నవ్విన బాలుడు పదేండ్లకు కీర్తనలోని రాగమును గుర్తించును. ముప్పదియేండ్లకు పద్యమును అప్పగించును.

దాసుగారు ఎన్నుకొన్న కథలనుగూడ ఈ దృష్టితో చూడవచ్చును. ధ్రువుడు, ప్రహ్లాదుడు పసివారు. మార్కండేయుడు పదునారేండ్లవాడు. రుక్మిణి పెండ్లికావలసిన కన్య. సావిత్రి మృత్యువును ఎదిరించిన యిల్లాలు. అంబరీషుడు గృహస్థుడైన రాజు. భీష్ముడు అంపశయ్యపై నున్న పితామహుడు. గజేంద్రుడన్ననో మనుష్యుడే కాడు. పందిటిలో కూర్చున్న ప్రతివారికి తమ యీడువాడొకడు ఆ కథలలో కనబడును.

వారి రచన కఠినమని విమర్శించినవారు లేకపోలేదు. ఆ విమర్శలో కొంత నిజము కలదు. హరికథాగ్రంథములను ముందు పెట్టుకొని చదువబోయిన సామాన్యునకు దీర్ఘసమాసములు, అపూర్వరాగములు అడ్డుతగులును. కాని అవి కన్నులతో చదువుటకంటె చెవులతో వినుటకు పుట్టినవి. కాగితముమీద కొఱుకుడుపడని సమాసము దాసుగారి కంఠమున, కనుబొమల కదలికలో, చేతి విసురులో విడిపోయి అర్థమగుచుండెను. మైకులు లేని రోజులలో ఆ భారీవిగ్రహము, ఆ గుబురుమీసము, ఆ గంభీరకంఠము పందిటి చివర నిలిచినవానికిగూడ కథను చేర్చెడివి. శ్రోతలకొరకు విద్యను పలుచన చేయుట వారికి సమ్మతము కాదు. శ్రోతలు చేరుటకు మెట్లు కట్టుటయే వారి మార్గము.

ఆ మెట్లు వారి యితర రచనలందును కనబడును. సంస్కృతమునందు హరికథ వ్రాయగల పండితుడు, కాళిదాస షేక్స్పియరుల రచనలను నవరసతరంగిణియందు ప్రక్కప్రక్కన నిలిపిన బహుభాషావేత్త, ఈసపు కథలను నూఱుగంటి యను పేర అచ్చతెనుగున చెప్పుటకు సంకోచింపలేదు. ఉమర్ ఖయ్యాము రుబాయతులను సంస్కృతమునకును, అచ్చతెనుగునకును గూడ తెచ్చిరి. మూలికల గుణములను తెలుపు మన్కిమిన్కు అను గ్రంథమునుగూడ అచ్చతెనుగుననే రచించిరి. తమ జీవితములోని తొలి ముప్పదియేండ్ల కథను నా యెరుక యను గ్రంథమున చెప్పిరి.

అయినను నాటి సంఘమున తలుపులన్నియు అందరికి తెరచియుండలేదని మరువరాదు. మద్రాసు రాష్ట్రమున ఆలయప్రవేశమునకు అనుకూలమగు చట్టములు 1939లోను, 1947లోను గాని రాలేదు. దాసుగారి జీవితకాలమున అత్యధికభాగము ఆలయప్రాంగణములు కొందరికి నిషిద్ధములుగ నుండినవి. ఎంత గొప్ప కథకుడైనను, లోనికి రానీయనివానికి పూర్తిగా చెప్పలేడు. పాట మాత్రము గోడ దాటి పోగలదు. ఆ పాట వెంట మనుష్యులనుగూడ లోనికి పిలుచుట తరువాతి తరమువారికి మిగిలిన పనియయ్యెను.

1919వ సంవత్సరమున విజయనగర ప్రభువు విజయరామ గజపతిగారు సంగీత పాఠశాలను స్థాపించిరి. కొలువులోని యొక యుద్యోగి తన అంధకుమారునకు సంగీతవిద్య కావలెనని కోరగా, ప్రభువు ఆ యొక్క బాలునితో ఆగక, అట్టివారందరికి పనికివచ్చునట్లు పాఠశాలనే నెలకొల్పెనని చెప్పుదురు. దానికి మొదటి అధ్యక్షులు నారాయణదాసుగారు. వారు స్వతంత్రస్వభావులు, అభిమానధనులు. ఒకరి క్రింద కొలువుండుట వారికి సరిపడదు. అయినను ఈ బాధ్యతను స్వీకరించి 1936 వరకు నిర్వహించిరి. అంతకు పూర్వము సంగీతము నేర్వగోరు బాలుడు గురుగృహమున ఏండ్లకొలది శుశ్రూష చేయవలసియుండెను. గురువనుగ్రహము, కులము, వసతి అన్నియు కలిసిరావలెను. పాఠశాల ఆ త్రోవను వెడల్పు చేసెను. వయొలిన్ ఆచార్యులుగ ద్వారం వేంకటస్వామినాయుడుగారు అక్కడ చేరి, దాసుగారి తరువాత అధ్యక్షులైరి. చేతిలో కాసు లేక, మధుకరమెత్తి పొట్ట నింపుకొనుచు ఘంటసాల వేంకటేశ్వరరావుగారు చదువుకొన్నది ఆ పాఠశాలలోనే. విజయనగరపు ఆడబిడ్డ పి. సుశీలగారు సంగీతము నభ్యసించినదియు అక్కడనే. ఈ యిరువురి కంఠములు పిమ్మట సినిమాపాట ద్వారమున ప్రతి తెలుగుగృహమున ప్రవేశించినవి.

1945వ సంవత్సరము జనవరి 2వ తేదీన నారాయణదాసుగారు కీర్తిశేషులైరి. అప్పటికే ఊళ్లకు సినిమా వచ్చియుండెను. తరువాత రేడియో, టెలివిజను వచ్చెను. పందిళ్లు పలుచబడెను. అయినను కళ నశింపలేదు. గోదావరీతీరమున కపిలేశ్వరపురమందు సర్వారాయ హరికథా పాఠశాల వెలసి, బాలికలకును ఈ విద్య నేర్పెను. 2023లో కోట సచ్చిదానందశాస్త్రిగారికి, 2024లో సంస్కృతమునను హరికథ చెప్పు ఉమామహేశ్వరిగారికి పద్మశ్రీ పురస్కారములు లభించెను. బిరుదులు కళాకారుని గౌరవించును. కాని కళను బ్రతికించునది పందిరి. అందునను ముందువరుసలోని చాప. ఆ చాపమీద పిల్లలు లేనినాడు, వెనుక కూర్చున్న వృద్ధులతోడనే ఆ కథయు ముగియును. పిల్లలకు అర్థము కాదని ఇంట విడిచివచ్చుటయు, పెద్దలకు ఇంక దేనికని అడుగకుండుటయు ఒకే తప్పునకు రెండు ముఖములు.

గ్రంథాలయమునకును ఇదియే ధర్మము. అక్షరము రానివానికి చదివి వినిపించువారు, చూపు తగ్గిన వృద్ధునకు పత్రిక చదువువారు, పసివానికి అందునంత యెత్తున బొమ్మల పుస్తకము పెట్టువారు ఉన్నచోట గ్రంథాలయము పందిరి యగును. అజ్జాడ బాలునకు భాగవతము ముందు చెవి ద్వారమున వచ్చెను. పుస్తకము తరువాత వచ్చెను. అట్టి బాలుడు ఏ యూరనైనను, ఏ సాయంకాలమునైనను తలుపుకడ నిలిచి లోనికి తొంగిచూచుచుండవచ్చును. ఆ దుకాణదారువలె వానిని కసరక, వాని నోట పద్యమును విని, పుస్తకమును చేతిలో పెట్టుటయే నారాయణదాసుగారికి తెలుగుపల్లె చెల్లింపదగిన నివాళి.