క్యూరీ గారి పెద్దమ్మాయి

మేడం క్యూరీ పాఠం చదువుకోకుండా బడి దాటిన వాళ్ళు మనలో తక్కువే. ఆవిడ పెద్ద కూతురు ఐరీన్ పేరు చెబితే మాత్రం చాలామంది ఎవరావిడ అంటారు. నాకైతే తల్లి కంటే ఈ కూతురి కథే మన ఇళ్ళకి దగ్గరగా అనిపిస్తుంది. ఎందుకంటారా? మన అమ్మలూ, అత్తయ్యలూ పడే మోకాళ్ళ నొప్పుల దాకా వచ్చే కథ ఇది.

ఐరీన్ 1897 సెప్టెంబరు 12న పారిస్‌లో పుట్టింది. తల్లికి ప్రయోగశాలే లోకం కావడంతో పిల్లని తాతయ్యే పెంచాడు. ఎనిమిదేళ్ళప్పుడు తండ్రి గుర్రబ్బండి కింద పడి చనిపోయాడు. ఇంకో నాలుగేళ్ళకి తాతయ్యా పోయాడు.

1914లో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. గాయపడ్డ సైనికుల ఒంట్లో తూటా ఎక్కడ ఇరుక్కుందో చూడాలంటే ఎక్స్‌రే కావాలి. మేడం క్యూరీ ఎక్స్‌రే పరికరాలు కార్లలో పెట్టించి యుద్ధరంగానికి తీసుకెళ్ళింది. వెంట కూతురు! పద్ధెనిమిదేళ్ళకే బెల్జియంలో ఒక సైనిక ఆస్పత్రిలో ఎక్స్‌రే పని ఒంటరిగా చూసుకుంది ఐరీన్. నర్సులకి శిక్షణ కూడా ఇచ్చింది. ఆ రోజుల్లో రక్షణ కవచాలు అంతంతమాత్రం. ఆ కిరణాలు తన ఒంట్లోకి ఎంత దిగాయో ఎవరు లెక్కపెట్టారు?

1925లో డాక్టరేట్ వచ్చింది. ఆ మరుసటి ఏడాదే పెళ్ళి. వరుడు ఫ్రెడరిక్ జోలియో... తల్లి ప్రయోగశాలలో సహాయకుడు, ఐరీన్ కన్నా మూడేళ్ళు చిన్న! అక్కడి పని అతనికి నేర్పింది కూడా ఆవిడే. 1927లో పాప హెలెన్, 1932లో బాబు పియర్. మధ్యలో క్షయ. అయినా ప్రయోగాలు మానలేదు.

1934 జనవరిలో అసలు సంగతి జరిగింది. పల్చటి అల్యూమినియం రేకు మీద పొలోనియం నుంచి వచ్చే కిరణాలు పడేలా పెట్టారు. కాసేపటికి పొలోనియం తీసేశారు. అంతటితో యంత్రం టిక్కుటిక్కుమనడం ఆగిపోవాలి కదా? ఆగలేదు. కొన్ని నిమిషాల పాటు నెమ్మదిస్తూ, నెమ్మదిస్తూ కొట్టుకుంది. అల్యూమినియంలో కొంత భాగం రేడియోధార్మిక భాస్వరంగా మారిపోయింది మరి! ప్రకృతిలో లేని ఆ పదార్థాన్ని మనిషి చేతులతో చేయగలిగారు. జబ్బుతో ఉన్న తల్లికి ఆ చిన్న గొట్టం తెచ్చి చూపించారు. ఆ జులైలోనే ఆవిడ కన్నుమూసింది. 1935లో భార్యాభర్తలిద్దరికీ రసాయనశాస్త్రంలో నోబెల్ వచ్చింది.

అప్పటి దాకా రేడియం లాంటి ఖరీదైన, ఏళ్ళ తరబడి కిరణాలు వదిలే పదార్థాలే గతి. ఇక మీదట త్వరగా చల్లారిపోయే వాటిని తయారుచేసుకోవచ్చు. 1935లోనే డెన్మార్క్‌లో హెవెసీ అనే శాస్త్రవేత్త రేడియోధార్మిక భాస్వరాన్ని ఎలుకలకి ఇచ్చి, ఎముక రాయిలా పడి ఉండదనీ, ఎప్పటికప్పుడు పాతది పోయి కొత్తది చేరుతుందనీ రుజువు చేశాడు.

మా అత్తయ్యకి డాక్టర్ గారు బోన్‌స్కాన్ రాసినప్పుడు, నరంలోకి రేడియోధార్మిక ఇంజెక్షన్ అనగానే ఆవిడ హడలిపోయింది. నిజానికి అందులో ఉండేది టెక్నీషియం. ఆరు గంటల్లో దాని బలం సగమవుతుంది. దాన్ని భాస్వరం ఉన్న మందుతో జతచేసి ఇస్తారు, అది ఎముకల్ని వెతుక్కుంటూ పోతుంది. రెండు మూడు గంటలాగి కెమెరా కింద పడుకోబెడతారు. కీలులో గుజ్జు అరిగిన చోట కింది ఎముక మీద భారం పడి, అది ఎక్కువ పని చేస్తూ ఉంటుంది. అక్కడ మందు ఎక్కువ చేరి నల్లగా కనబడుతుంది. ఒకమాట... మామూలు మోకాలి నొప్పికి ఈ స్కాన్ అక్కర్లేదు, ఎక్స్‌రే చాలు. గర్భిణులూ, పాలిచ్చే తల్లులూ ముందే డాక్టరుకి చెప్పాలి.

అయితే ఈ స్కాన్‌లో కనబడేది ఎముకే కానీ గుజ్జు కాదు. గుజ్జునే నేరుగా చూపించే మందు కోసం ఐరీన్ దేశంలోనే, క్లెర్మాన్ ఫెరాన్ ఊళ్ళో, పరిశోధనలు జరిగాయి. గుజ్జులో ఉండే ప్రోటియోగ్లైకాన్లకి అంటుకునే పదార్థం తయారుచేశారు. అరిగిన చోట అది తక్కువగా చేరుతుంది. అరుగుదలని ముందే పట్టుకోవాలని వాళ్ళ ఆశ.

ఇంత చేసిన మనిషికి దక్కిందేమిటి? 1936లో ఫ్రాన్స్ ప్రభుత్వంలో సైన్స్ పరిశోధనల ఉపమంత్రి అయింది. అప్పటికి ఆ దేశంలో ఆడవాళ్ళకి ఓటే లేదు, అది 1944లో గానీ రాలేదు! ఇక సైన్స్ అకాడమీ... 1911లో తల్లిని కాదంది. కూతురు ఒకటికి రెండుసార్లు దరఖాస్తు పెట్టినా కాదంది. ఒప్పుకోరని తెలిసే పెట్టేదట, ఆ అన్యాయం నలుగురికీ తెలియాలని. భర్తని మాత్రం 1943లోనే చేర్చుకున్నారు. ఇద్దరూ కలిసి చేసిన పనే!

1956 మార్చి 17న రక్త క్యాన్సర్‌తో ఐరీన్ చనిపోయింది. అప్పటికి యాభై ఎనిమిదేళ్ళు. హెలెన్ అణుశాస్త్రవేత్త అయింది, పియర్ జీవశాస్త్రవేత్త అయ్యాడు. ఇవాళ కొలిచి, జాగ్రత్తపడి మనకిచ్చే ఆ కాస్త మందు వెనక, కొలతలు లేని రోజుల్లో పని చేసిన ఆడమనిషి ఒకరున్నారు. స్కాన్‌కి వెళ్ళడానికి భయపడే పెద్దవాళ్ళు మీ ఇంట్లో ఉంటే, ధైర్యం చెబుతూ ఈ కథ కూడా చెప్పండి.