అణా పలహారంతో నిండిన బడి

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడే వరకు మన కొరాపుట్, రాయగడ ప్రాంతాలు విశాఖపట్నం జిల్లాలో ఉండేవి. మన తాతల కాలానికి రాజధాని మద్రాసు. ఆ నగరాన్ని నడిపిన తెలుగువారిలో సర్ పిట్టి త్యాగరాయ చెట్టి పేరు ముందుగా చెప్పుకోవాలి. మన పిల్లలు నేడు బడిలో తినే మధ్యాహ్న భోజనం ఎక్కడ మొదలైందని వెతుక్కుంటూ వెళ్తే ఆయన దగ్గరికే చేరతాం.

త్యాగరాయ చెట్టి 1852లో తెలుగు దేవాంగ కుటుంబంలో పుట్టారు. కులవృత్తి నేత. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో పట్టా పుచ్చుకున్నాక కూడా మగ్గాన్ని వదలలేదు. సొంతంగా నేతశాల నడిపారు. 1882లో నగరపాలక సంస్థ సభ్యుడై, సుమారు నలభై ఏళ్లు అందులోనే పనిచేశారు. ప్రభుత్వం నియమించిన అధికారి కాకుండా, సభ్యులు ఎన్నుకోగా ఆ సంస్థకు అధ్యక్షుడైన మొదటి వ్యక్తి ఆయనే. మేయర్ అన్న పేరు మద్రాసుకు 1933లో వచ్చింది. అంతకుముందు ఆ బాధ్యత అధ్యక్షుడిదే.

ఆయన అధ్యక్షుడిగా ఉండగా థౌజండ్ లైట్స్ ప్రాంతంలోని కార్పొరేషన్ బడి సంగతి సభ ముందుకు వచ్చింది. అక్కడ చదివేవారు నిరుపేద పిల్లలు. ఆకలి వల్ల బడిలో సంఖ్య నిలవడం లేదని ఆయన సభకు వివరించారు. 1920 సెప్టెంబరులో సభ తీర్మానం చేసింది. రోజుకు ఒక్కో పిల్లవాడికి ఒక అణా మించకుండా ఖర్చు చేసి పలహారం పెట్టాలన్నది దాని సారాంశం. అణా అంటే రూపాయిలో పదహారో వంతు.

తర్వాత ఈ ఏర్పాటు మరో నాలుగు బడులకు విస్తరించింది. 1922-23లో ఆ ఐదు బడుల్లో 811 మంది ఉంటే, 1924-25 నాటికి 1,671 మంది అయ్యారు. రెండేళ్లలో రెట్టింపు దాటింది. అంతలో ప్రభుత్వం అడ్డుచెప్పింది. ప్రాథమిక విద్యా నిధి నుంచి తిండికి ఖర్చు పెట్టరాదని అనడంతో 1925 ఏప్రిల్ 1న పలహారం ఆగిపోయింది. అదే ఏడాది త్యాగరాయ చెట్టి కన్నుమూశారు. పని మాత్రం ఆయనతో పోలేదు. రెండేళ్ల తర్వాత 25 బడుల్లో వెయ్యి మంది పేద పిల్లలకు మళ్లీ మొదలైంది.

1916లో జస్టిస్ పార్టీని స్థాపించిన వారిలో ఆయన ఒకరు. 1920 ఎన్నికల్లో పార్టీ గెలిచాక మంత్రివర్గానికి నాయకత్వం వహించమని గవర్నర్ పిలిచినా ఒప్పుకోలేదు. ఆ పదవి సుబ్బరాయలు రెడ్డియార్‌కు దక్కింది. నేటి చెన్నైలో టి.నగర్ అని అందరూ పిలిచే పేట ఆయన పేరిట వెలసిన త్యాగరాయ నగరే.

ఆయన వేసిన బాటను 1956లో కామరాజ్, 1982లో ఎం.జి.రామచంద్రన్ తమిళనాట వెడల్పు చేశారు. 1995లో అది దేశవ్యాప్త పథకమైంది.

మన తెలుగు బడుల్లో పిల్లలు తగ్గితే తల్లిదండ్రులకు భాష మీద మమకారం పోయిందని వెంటనే అనేస్తాం. త్యాగరాయ చెట్టి అలా అనలేదు. పిల్లవాడు ఎందుకు రావడం లేదో తెలుసుకుని, ఆ అడ్డు తొలగించారు. పుస్తకాలు వేళకు అందాయా, తెలుగు చెప్పే మాస్టారు ఉన్నారా, ఈ బడి అయ్యాక పై తరగతులు ఎక్కడ, దారి ఎంత దూరం అని మనమూ ఒక్కో ఇంటికీ వెళ్లి అడగాలి. వచ్చిన జవాబులను పాఠశాల నిర్వహణ కమిటీ ముందు కాగితం మీద పెట్టాలి.