నీటి బరువు లెక్క తెలిసిన నవాబ్

1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి హైదరాబాద్‌లో వేల మంది చనిపోయారు. నగరాన్ని కాపాడే పథకం మోక్షగుండం విశ్వేశ్వరయ్యదని అందరికీ తెలుసు. ఆ తర్వాత కట్టి చూపించినవాళ్లలో ముందుండే మీర్ అహ్మద్ అలీ, అంటే నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్, పేరు మాత్రం మన ఇళ్లలో కూడా చాలామందికి తెలీదు.

1877 జూలై 11న హైదరాబాద్‌లో పుట్టారు. సర్కారు స్కాలర్‌షిప్ మీద ఇంగ్లండ్‌లోని కూపర్స్ హిల్ కాలేజీలో ఇంజినీరింగ్ చదివారు. 1918లో చీఫ్ ఇంజినీర్ అయ్యారు. హిమాయత్‌సాగర్ ఆయన హయాంలోనే 1927లో పూర్తయింది.

అసలు పెద్ద పని మంజీరా మీద నిజాంసాగర్. 1923లో మొదలై 1931లో ముగిసింది. నీరు ఎంత లోతుంటే అంత గట్టిగా నెడుతుంది. పది మీటర్ల లోతులో చదరపు మీటర్‌కి పది టన్నులు! మన కె. కోటపాడు వైపు చెరువు గట్లు అడుగున వెడల్పుగా ఉండటానికి ఇదీ ఒక కారణం. రాతికట్టడం ఎంత బరువైనా మోస్తుంది గానీ, లాగితే బీటలిస్తుంది. అందుకే డ్యామ్ తన బరువుతోనే నిలబడాలి, నీటి వైపు రాయి మీద లాగుడు పడకూడదు. లెక్క తప్పితే దిగువ ఊళ్లు మిగలవు.

సింధు నది మీద సుక్కూర్ బ్యారేజీ పరిశీలనకు 1929లో బొంబాయి ప్రభుత్వం విశ్వేశ్వరయ్యతో పాటు ఈయన్నీ పిలిచింది. 1949 డిసెంబర్ 6న కన్నుమూశారు. నిజాంసాగర్‌లో పూడిక చేరి నీళ్లు పట్టేది తగ్గింది. కట్ట మాత్రం నిలబడే ఉంది.