మన బెంగళూరు బిడ్డ మేజర్ సందీప్ ఉణ్ణికృష్ణన్

ఈ వార్షికోత్సవ సంచికలో మగ్గం గురించి, మన పెద్దల గురించి చాలామంది రాస్తున్నారు. నేను మన బెంగళూరులో పెరిగి దేశం కోసం ప్రాణం ఇచ్చిన ఒక యువకుడి గురించి నాలుగు మాటలు రాస్తాను. మన పిల్లలకి చెప్పుకోదగ్గ జీవితం ఇది.

సందీప్ గారు 1977 మార్చి 15న కేరళలోని కోళికోడ్‌లో పుట్టారు. తండ్రి ఉణ్ణికృష్ణన్ గారు ఇస్రోలో అధికారి. తల్లి ధనలక్ష్మి గారు. వాళ్లకి ఒక్కగానొక్క కొడుకు. కుటుంబం బెంగళూరులో స్థిరపడింది. ఇక్కడి ఫ్రాంక్ ఆంథోనీ పబ్లిక్ స్కూల్లోనే చదివి 1995లో ముగించారు. చదువుతో పాటు పరుగు పందేలు, ఆటలు. స్కూలు పాటల బృందంలో పాడేవారు. సినిమాలంటే ఇష్టం. అన్నిటికంటే మిలిటరీ మీద మనసు. చిన్నప్పుడే సిపాయిలాగ జుట్టు పొట్టిగా కత్తిరించుకునేవారు.

మన ఇళ్లల్లో పిల్లవాడు నాలుగింటి మీద మనసు పెడితే వీడు కుదురు లేనివాడు, ఏ పనికీ పనికిరాడు అంటాం. సందీప్ గారి దగ్గర ఆ నాలుగూ ఒక్క పనిలోకి వచ్చి చేరాయి. పరుగెత్తిన కాళ్లు కమాండో శిక్షణకి పనికొచ్చాయి. పదిమందితో గొంతు కలిపినవాడికి పదిమందిని వెంటబెట్టుకుని నడవడం కూడా తెలుస్తుందని నాకనిపిస్తుంది.

1995లో నేషనల్ డిఫెన్స్ అకాడమీలో చేరారు. కార్గిల్ యుద్ధం నడుస్తుండగా 1999లో బీహార్ రెజిమెంట్ 7వ బెటాలియన్లో అధికారి అయ్యారు. మన బెళగావిలో ఉన్న కమాండో స్కూల్లో శిక్షణ పొంది మొదటి స్థానంలో నిలిచారు. 2005లో మేజర్ అయ్యారు. 2007 జనవరిలో నేషనల్ సెక్యూరిటీ గార్డుకి వెళ్లారు.

2008 నవంబరు 26 రాత్రి సముద్రం మీదుగా వచ్చిన 10 మంది ముష్కరులు ముంబయి మీద పడ్డారు. తాజ్ హోటల్లో చిక్కుకున్నవాళ్లని విడిపించడానికి సందీప్ గారు తన జట్టుతో లోపలికి వెళ్లారు. 14 మందిని బయటికి తెచ్చారు. ఆ కాల్పుల్లో ఆయన జట్టులోని ఒక కమాండోకి పెద్ద గాయమైంది. సందీప్ గారు ముష్కరుల్ని తుపాకీతో అడ్డుకుంటూ ఆ జవానుని ముందు బయటికి చేర్చారు. ఆ ప్రయత్నంలో ఆయన కుడిచేతికి గుండు తగిలింది. అయినా వెనక్కి రాలేదు. ఊపిరి ఉన్నంతసేపు పోరాడి నవంబరు 28న అమరులయ్యారు. వయసు 31.

మరునాడు హెబ్బాళలో సైనిక మర్యాదలతో అంత్యక్రియలు జరిగాయి. మన నేతవాళ్లు గుర్తుంచుకోవాల్సిన సంగతి ఒకటుంది. అప్పటి నియమం ప్రకారం జాతీయ జెండా చేత్తో వడికి, చేత్తో నేసిన గుడ్డతోనే తయారు కావాలి. 2021 తర్వాతే మిల్లు బట్టకి అనుమతి ఇచ్చారు. అమరుల మీద కప్పే ఆ బట్ట మనలాంటి ఒక చేతి కష్టమే కదా.

2009 జనవరి 26న అశోక చక్ర ఇచ్చారు. తల్లి ధనలక్ష్మి గారు రాష్ట్రపతి చేతుల మీదుగా అందుకున్నారు. యలహంక దగ్గర దొడ్డబళ్లాపుర రోడ్డుకి కలిసే దారికి ఆయన పేరే పెట్టారు. దొడ్డబళ్లాపురం మగ్గాల ఊరు కాబట్టి మనవాళ్లు ఆ పక్క నుంచి చాలాసార్లు పోయే ఉంటారు. 2022లో అడివి శేష్ నటించిన మేజర్ సినిమా వచ్చాక తెలుగు ఇళ్లల్లో పిల్లలకి కూడా ఆ పేరు తెలిసింది.

మన పిల్లలు మగ్గం వదిలి వేరే పనులకి పోతున్నారని మనకి బాధ ఉంది. పోనివ్వండి. ఆటో పాటో చదువో, ఏది ఇష్టమైతే అది నేర్చుకోనివ్వండి. ఒక్కటి మాత్రం మనం నేర్పాలి. కష్టంలో పక్కవాణ్ణి వదిలి రాకూడదు. మన సహకార సంఘాలు నిలబడింది కూడా ఈ ఒక్క దాని మీదే. సందీప్ గారు ప్రాణం పెట్టి చూపించింది అదే.

ఆ వీరుడికి, ఆయన్ని కని పెంచిన తల్లిదండ్రులకి మన సంఘం తరఫున జోహార్లు.