కరువును కరువని రాసిన దొర

అనంతపురం మెట్టల్లో పుట్టిన బిడ్డకు కరువు అనే మాట ఎవరూ నేర్పనక్కరలేదు. ఇక్కడ ఏడాది మొత్తానికి సగటున కురిసేది 550 మిల్లీమీటర్ల వాన. అది అదనుకు పడితే వేరుసెనగ పంట, పడకపోతే మూట కట్టుకుని వలస. కనుక ఆ మాట మనకు ఉగ్గుపాలతోనే వస్తుంది. కానీ బడికి వెళ్ళే మీ అబ్బాయినో అమ్మాయినో పిలిచి, కరువును ఇంగ్లీషులో ఏమంటారని అడిగి చూడండి. ఒకరు డ్రాట్ అంటారు, మరొకరు ఫామిన్ అంటారు. నిఘంటువు తెరిస్తే స్కార్సిటీ అని కూడా కనిపిస్తుంది. వాన రాకపోతే మొదటి మాట. తిండి లేక మనుషులు రాలిపోతుంటే రెండో మాట. సరుకు చాలకపోతే మూడో మాట. మనకు ఒక్క మాటలో ఇమిడిన కష్టం వారి భాషలో మూడు ముక్కలుగా ఉంది. ఏ ముక్క ఎక్కడ పెట్టాలో తెలియాలి. అది తెలియనిదే భాష తెలిసినట్టు కాదు.

ఈ వారం మీకు చెప్పబోయే పెద్దమనిషి ఆ తేడా తెలిసినవాడు. తెలిసిన మాటను దాచకుండా రాసి పై అధికారుల కోపానికి గురైనవాడు. ఆయనే చార్లెస్ ఫిలిప్ బ్రౌన్. తెలుగు ఇళ్ళలో బ్రౌన్ దొర పేరు వినని వారు తక్కువ. కానీ ఆయన తెలుగు మాటలను ఎలా నేర్చుకున్నారో, ఆ నేర్చుకోవడంలో మన సీమకూ మన గురువులకూ ఎంత భాగం ఉందో తెలిసినవారు మరీ తక్కువ.

బ్రౌన్ 1798 నవంబరు 10న కలకత్తాలో జన్మించారు. తండ్రి డేవిడ్ బ్రౌన్ ఆంగ్లికన్ సంఘ పాదిరి, పలు భాషలు తెలిసిన పండితుడు. కొడుకుకు ఇంట్లోనే హిందుస్తానీ, పారశీకం, అరబ్బీ వంటి భాషలు నేర్పించారు. 1812లో ఆయన మరణించగా కుటుంబం ఇంగ్లండుకు వెళ్ళిపోయింది. అక్కడ హెయిలీబరీ కళాశాలలో కంపెనీ ఉద్యోగానికి చదువుకుని, 1817 ఆగస్టులో బ్రౌన్ మద్రాసు రేవులో దిగారు. అప్పటికి ఆయనకు తెలుగు రాదు. సెయింట్ జార్జి కోట కళాశాలలో వెలగపూడి కోదండరామ పంతులుగారు ఆయన చేత ఓనమాలు దిద్దించారు.

1820లో మద్రాసు గవర్నరుగా వచ్చిన సర్ థామస్ మన్రో ఆ కళాశాలలో ప్రసంగిస్తూ, ఇక్కడ ఉద్యోగం చేసేవారు ఇక్కడి జనం భాష తప్పక నేర్వాలని యువ ఉద్యోగులకు బోధించారు. మన్రో మనకు కొత్తవారు కారు. 1800 నుండి 1807 వరకు దత్తమండలాలకు కలెక్టరుగా ఉండి, అనంతపురంలో కాపురమున్నవారు. రైతులతో వారి భాషలోనే మాట్లాడి లెక్కలు తేల్చినవారు. ఆయన చెప్పిన మాట యువకుడైన బ్రౌన్ మనసులో నాటుకుంది. ఆ ఏడే బ్రౌన్‌ను కడపకు పంపారు.

ఇక్కడ మీరొక సంగతి గుర్తుంచుకోవాలి. ఆనాటికి అనంతపురం జిల్లా లేదు. అది 1882లో ఏర్పడింది. కదిరి తాలూకా అయితే 1910 వరకు కడప జిల్లాలోనే ఉండేది. కనుక వేమన సమాధి ఉన్న కటారుపల్లె, దాని చుట్టుపక్కల పల్లెలు బ్రౌన్ ఉద్యోగం చేసిన జిల్లాలోనివే. 2022 నుండి ఆ ప్రాంతం శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. జిల్లాల పేర్లు మారాయి గాని, ఆ మెట్ట నేల అదే, ఆ నేల మీది మాట అదే.

కడపలో కలెక్టరు హాన్‌బరీ తెలుగు ధారాళంగా మాట్లాడేవారు. కచేరీకి వచ్చే రైతులూ అదే భాష మాట్లాడేవారు. కళాశాలలో నేర్చిన మాటలకూ, జనం నోటి మాటలకూ ఎంత దూరమో కొత్తగా వచ్చినవారికి అక్కడే తెలిసొస్తుంది. ఒక్క ఉదాహరణ చూడండి. కొట్టు అంటే దెబ్బ వేయడమని పరాయివాడు నేర్చుకుంటాడు. మన ఊరికి వచ్చి ఎండ కొట్టింది, వాసన కొట్టింది, బావిలో నీళ్ళు ఉప్పు కొడుతున్నాయి, డబ్బా కొట్టుకుంటున్నాడు, కొట్టుకు వెళ్ళి బెల్లం తెమ్మంది అని వింటే, ఎవరు ఎవరిని కొట్టారో అతనికి అంతు చిక్కదు. అదను, పదును అనే మన రైతు మాటలకైతే ఇంగ్లీషులో సరైన ఒక్క మాటే దొరకదు. విత్తడానికి మంచి వేళ, నేలలో విత్తనానికి చాలినంత తేమ అని వివరించుకోవలసిందే. మాట పక్కన మాట పెడితే సరిపోదు. ఆ మాట వాడే మనిషి పక్కన కూర్చోవాలి.

1822లో బ్రౌన్‌కు మచిలీపట్నం బదిలీ అయింది. అక్కడ 1824లో ఆయన చేతికి ఒక పుస్తకం వచ్చింది. హిందువుల ఆచారాలను గూర్చిన ఆ పుస్తకం రాసింది అబ్బె దుబ్వా అనే ఫ్రెంచి కతోలిక గురువు. ఆయన 1792లో మన దేశానికి వచ్చి, మైసూరు రాజ్యంలో జనం మధ్య ఏళ్ళ తరబడి జీవించారు. వేమన అనే కవి ఉన్నాడని ఇంగ్లీషు దొరకు తెలిసింది ఆ పుస్తకం వల్లనే.

ఆ కథకు వెనుక మరో కథ ఉంది. దుబ్వాగారి పుస్తకంలో చాలా భాగానికి మూలం గాస్తోన్ కేర్దూ అనే మరో గురువు రాసిన రచన అని 1987లో సిల్వియా మ్యూర్ అనే ఫ్రెంచి పండితురాలు నిరూపించారు. కేర్దూ యేసుసభ గురువు. 1732లో వచ్చి కర్ణాటక మిషనులో తెలుగువారి మధ్య పనిచేశారు. తెలుగు, ఫ్రెంచి, సంస్కృతం మాటలను పక్కపక్కన పెట్టి నిఘంటువు కూర్చారు. సంస్కృతానికీ లాటిను, గ్రీకు భాషలకూ చుట్టరికం ఉందని 1767లోనే పారిస్ పండితులకు లేఖ రాశారు. 1779లో పుదుచ్చేరిలో మరణించారు. తన పేరు లేకుండానే ఆయన రచన లోకమంతా తిరిగింది. అది చదివిన ఇంగ్లీషు దొర మన వేమన దగ్గరకు వచ్చారు. ఒకరు నేర్చుకున్న మాట ఎవరికి, ఎప్పుడు ఉపయోగపడుతుందో చూడండి!

బ్రౌన్ వేమన పద్యాల కోసం ఊరూరా వెదికించారు. పండితులు వేమనను పామరుల కవి అని చిన్నచూపు చూసేవారు. బ్రౌన్‌కు కావలసింది ఆ పామరుల భాషే. దొరికిన తాళపత్ర ప్రతుల్లో ఒకదానికొకటి పొసగని పాఠాలుండేవి. వాటిని పక్కపక్కన పెట్టించి సరిచూపించారు. తెలియని మాటకు పండితుని చేత వాడుక తెలుగులో అర్థం చెప్పించుకుని, దానికి ఇంగ్లీషు రాసుకునేవారు. అలా 1829లో 693 పద్యాలు ఇంగ్లీషు అనువాదంతో అచ్చయ్యాయి. తన పని అంతటితో పూర్తయిందని ఆయన అనుకోలేదు. మళ్ళీ దిద్దుకుని 1839లో 1,164 పద్యాలతో రెండవ కూర్పు వెలువరించారు.

1826లో తిరిగి కడపకు వచ్చినప్పుడు ఒక బంగళా కొని, అందులో పండితులను కూర్చోబెట్టారు. జూలూరి అప్పయ్య, వఠ్యం అద్వైత బ్రహ్మయ్య వంటి విద్వాంసులు అక్కడ పనిచేశారు. జీతాలు బ్రౌన్ సొంత డబ్బే. అది చాలక అప్పులు కూడా చేశారు. జనం ఆ బంగళాను బ్రౌన్ కాలేజీ అన్నారు. అందులో పెద్ద విద్యార్థి బ్రౌన్ దొరగారే.

ఇక కరువు సంగతికి వద్దాం. 1832-33లో నందన కరువు వచ్చింది. అప్పుడు బ్రౌన్ గుంటూరులో ఉద్యోగంలో ఉన్నారు. ఊళ్ళు ఖాళీ అయ్యాయి. వేలాది జనం తిండి లేక ప్రాణాలు విడిచారు. పై అధికారులు వాడిన మాట స్కార్సిటీ, అంటే సరుకు కొరత. బ్రౌన్ తన కళ్ళారా చూసినదాన్ని ఫామిన్ అని రాశారు. ఆ తెగువ పైవారికి నచ్చలేదు. మర్యాద తెలియని ఉద్యోగి అనుకున్నారు. ఒక్క మాట తేడాకు అంత కోపమెందుకని మీకు అనిపించవచ్చు. కొరత అంటే ధరలు చూసుకుంటే చాలు. కరువు అంటే గంజి కాయాలి, శిస్తు మాట ఆలోచించాలి. మాటను బట్టి బాధ్యత మారుతుంది. కరువు అని జనం ఏడ్చినప్పుడు ఆ మాటలోని బరువు బ్రౌన్‌కు తెలుసు. ఇంగ్లీషులో రాసేటప్పుడు ఆ బరువును ఆయన తగ్గించలేదు.

1834లో ఆయన ఉద్యోగం వదిలి ఇంగ్లండుకు పోవలసి వచ్చింది. అక్కడ కూడా ఊరుకోలేదు. కంపెనీ గ్రంథాలయంలో దుమ్ము పట్టి ఉన్న దక్షిణ దేశపు తాళపత్ర గ్రంథాలకు పట్టిక తయారుచేశారు. వాటిని మద్రాసుకు తిరిగి పంపించే ఏర్పాటు చేశారు. 1838లో తానూ తిరిగి వచ్చారు. 1840లో తెలుగు వ్యాకరణం, 1852లో తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు, తర్వాత రెండేళ్ళలోపే ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు వెలువడ్డాయి. కచేరీల్లో తెలుగుతో కలిసిపోయిన పారశీక, అరబ్బీ మాటలకు వేరే నిఘంటువు కూర్చారు. మాటకు అర్థం రాసి వదిలేయకుండా, దానిని కవులూ జనమూ ఎలా వాడారో ఉదాహరణలతో చూపించడం ఆ నిఘంటువు గొప్పతనం.

ఈ కష్టం ఒక్క తెలుగుకే కాదు. యేసుసభ గురువు మత్తయి రిచ్చీ 1578లో గోవాకు వచ్చి, కొచ్చిన్‌లో గురుపట్టం పొంది, 1582లో చైనా వైపు వెళ్ళారు. ఆయన, సహచరుడు రుగ్గేరీ కలిసి పోర్చుగీసు మాట, చైనా మాట పలికే తీరు, చైనా లిపి వరుసగా మూడు నిలువు వరుసల్లో రాసి నిఘంటువు కూర్చారు. చేతిరాతలో ఉన్న ఆ పుస్తకం 1934లో రోములో బయటపడింది. బ్రౌన్ తెలుగు నేర్చుకుంటున్న రోజుల్లోనే, రాబర్ట్ మోరిసన్ అనే ప్రొటెస్టంటు మిషనరీ చైనా-ఇంగ్లీషు నిఘంటువు 1815 నుండి 1823 వరకు మకావులో అచ్చవుతూ వచ్చింది. చైనా మాటల్లో ఒకే పలుకు రాగం మారితే అర్థం మారిపోతుంది. ఒకే అక్షరం పక్కనున్న అక్షరాన్ని బట్టి పని మార్చుకుంటుంది. అక్కడ కూడా దారి ఇదే. అనువాదం పక్కనుండాలి, వాడుక మాత్రం ఆ మనుషుల నోటి నుండే నేర్వాలి.

బ్రౌన్ 1855లో ఉద్యోగం విరమించి లండన్ చేరారు. అక్కడి యూనివర్సిటీ కళాశాలలో కొంతకాలం తెలుగు ఆచార్యులుగా ఉన్నారు. పెళ్ళి చేసుకోలేదు. 1884 డిసెంబరు 12న 86 ఏళ్ళ వయసులో మరణించారు. కెన్సల్ గ్రీన్ శ్మశానంలో ఆయన సమాధి ఉంది. కడపలో ఆయన బంగళా పాడుబడిన స్థలంలో 1995లో బ్రౌన్ పేరిట గ్రంథాలయం వెలసింది. దాని కోసం ఇంటింటికీ తిరిగి చందాలు పోగుచేసిన జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారు మన రాయదుర్గంలో పుట్టినవారే.

ప్రియ పాఠకులారా! నేడు మీ పిల్లలు చేతిలోని ఫోనులో మాట పలికితే చాలు, క్షణంలో ఇంగ్లీషు వస్తుంది. అది మంచిదే. అయినా ఇంట్లో ఒక నోటుపుస్తకం పెట్టించండి. ఎడమ పక్క ఇంగ్లీషు మాట, కుడి పక్క తెలుగు మాట, కింద ఆ మాటతో తాము విన్న ఒక వాక్యం రాయమనండి. తెలుగు వైపు మాటల కోసం అవ్వనూ తాతనూ అడగమనండి. అదను, పదును వంటి మాటలు వారి నోట్లోనే ఉన్నాయి. పరదేశపు దొర అప్పులు చేసి మరీ అడిగి రాసుకున్న మాటలను మన పిల్లలు మన అరుగు మీదే, ఖర్చు లేకుండా అడిగి తెలుసుకోవచ్చు. వాన రాని ఏడు వచ్చినప్పుడు, ఊరి కష్టాన్ని పై అధికారికి అర్జీగా రాయవలసింది రేపు ఆ పిల్లలే. అప్పుడు ఏ మాట రాయాలో వారికి తెలిసి ఉండాలి.