పాటకు పడిన శిక్ష

1920లో సహాయ నిరాకరణోద్యమము ఆరంభము కాగా తెలుగునాట పాట వీథికెక్కెను. ఆ దశాబ్దపు కంఠము గరిమెళ్ళ సత్యనారాయణ.

ఆయన 1893లో నరసన్నపేట సమీపమందలి గోనెపాడున జన్మించెను. పట్టభద్రుడై ఉద్యమమున చేరెను. ఆయన రచించిన 'మాకొద్దీ తెల్లదొరతనము' గీతమునకు సామాన్యుని కష్టములే వస్తువు. ఆకలి, ఉప్పుపై ఆంక్ష, బడిలో గాంధీ టోపీకి నిషేధము—నిత్యము అనుభవించునవే అందు కూర్చెను. వాద్యములతో పనిలేని సులభమైన వరుస గనుక అక్షరము రానివారును కంఠస్థము చేసిరి. సభలలో, ఊరేగింపులలో జనము గొంతు కలిపిరి. కరపత్రమును జప్తు చేయవచ్చును. కంఠమున నిలిచిన పాటను జప్తు చేయుట యెట్లు? కావున పాలకులు కవిని పట్టిరి. 1922లో ఆయనకు కారాగార శిక్ష విధించిరి. విడుదలయై మరల పాడెను. మరల చెరసాల పాలయ్యెను.

1947లో స్వాతంత్ర్యము వచ్చెను. ఆ కవి యింటికి మాత్రము కలిమి రాలేదు. మద్రాసున పత్రికలలో పనిచేసి, దారిద్ర్యముతో పోరాడి, 1952 డిసెంబరు 18న కన్నుమూసెను. జాతి పాటను జ్ఞాపకముంచుకొని పాటగానిని మరచెను. ఆ గీతమును పాఠశాలలో నేర్పునపుడు దానికై ఆయన చెల్లించిన వెలయు బాలబాలికలకు తెలుపవలయును.